నాలుగో కొలత

చచ్చిన జంతువు బల్ల మీదికి వస్తే ముందుగా నాలుగు కొలతలు తీయాలి. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా ఒళ్ళు, ఆ తర్వాత తోక, వెనక కాలి పాదం, చెవి. ఈ వరుస మారకూడదు. ఈ పనిలో కొత్తగా చేరిన మీకు మొదటి రోజే ఇది నేర్పి ఉంటారు. నాకూ అలాగే నేర్పారు. మొదటి మూడు కొలతలు నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. నాలుగోదాని గురించే ఇప్పుడు రాస్తున్నాను. మీ సంచిక వాళ్ళు అడిగింది ఇది కాదు, మరపురాని విజయం ఏదైనా రాయమన్నారు. విజయాలు నాకూ ఉన్నాయి, అవన్నీ నివేదికల్లో ఉన్నాయి, ఓపిక ఉన్నవాళ్ళు తీసి చదువుకోవచ్చు. ఇది ఏ నివేదికలోనూ లేదు.

1942 వేసవిలో జపాను విమానాలు వస్తాయన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. ఆఫీసులు లోపలి ఊళ్ళకు తరలాయి. మా మ్యూజియంలోని తోళ్ళు, పుర్రెలు, సీసాలు, వాటితో పాటు ముగ్గురు మనుషులం చిత్తూరు చేరాం. ఒక మామిడికాయల వ్యాపారి గోదాము అద్దెకు దొరికింది. గోడలకు మామిడి వాసన, మా పెట్టెలకు నాఫ్తలీన్ వాసన. రెండూ కలిసి నా చీరలకు పట్టిన వాసనకు మా అమ్మ "ఉద్యోగం కంపు" అని పేరు పెట్టింది. మాది చిత్తూరే. మా నాయన మిషన్ బడిలో లెక్కల అయ్యవారు. నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మద్రాసులో జంతుశాస్త్రం చదివి, కొలతలు తీసి బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరి ఏడాది అయింది.

మా అధికారి కోస్తా జిల్లాల మనిషి, మెత్తనివారు. చిత్తూరు ఎండలో కూడా కోటు విప్పేవారు కాదు. ఒక్క కొత్త ఉపజాతినైనా గుర్తించి, దానికి తాను పెట్టిన పేరును అచ్చులో చూసుకుని పదవీ విరమణ చేయాలన్నది ఆయన కోరిక. ఒకే జాతిలో ఏదో ఒక గుంపు ఒక మూల విడిగా ఉండిపోయి, రంగులోనూ కొలతలోనూ వేరైపోతే దాన్ని ఉపజాతి అంటాం. మూడో మనిషి తోళ్ళు బాగుచేసే తాత. చేతులు ఎప్పుడూ పటిక, ఉప్పు. నన్ను "బిడ్డా" అనేవాడు. అధికారిని "సార్" అనేవాడు గాని ఆ మాటలో కొంచెం జాలి వినబడేది.

ఆ నవంబరులో తిరుపతి వైపు నుంచి ఒక ఫారెస్టు రేంజరు రెండు తోళ్ళు, రెండు పుర్రెలు తెచ్చాడు. కార్వేటినగరం దాటాక ఉన్న ఒక కొండ మీద చిరుత చంపిన దుప్పులవి. కొండ పేరు రాయను, ఆ ఊరివాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. మామూలు దుప్పికి ఒళ్ళంతా తెల్లని చుక్కలుంటాయి. వీటికి వెన్ను వెంబడి రెండు వరుసలు తప్ప చుక్కలు లేవు. రంగు కాలిన పిడకలా ఉంది. పుర్రెలు చిన్నవి, పళ్ళ అరుగుదల చూస్తే మాత్రం బాగా ఎదిగిన జంతువులవి. ఆ ఊళ్ళో వీటిని బూడిద దుప్పి అంటారని రేంజరు చెప్పాడు.

ఇవన్నీ చూసి మా అధికారి చివరికి చెవుల దగ్గర ఆగిపోయారు. నాలుగు చెవులూ పొట్టిగా, కొనలు బల్లపరుపుగా ఉన్నాయి. అంచున వెంట్రుకలు కూడా ఒత్తుగా మొలిచి ఉన్నాయి.

"పొట్టి చెవులు!" అన్నారాయన. "ఏమమ్మా, ఇటువంటి దుప్పిని ఎక్కడైనా చూశావా?"

చూడలేదన్నాను. ఆయన ఆ మధ్యాహ్నం భోజనం మానేసి వర్ణన రాయడానికి కూర్చున్నారు. మొదటి వాక్యమే చెవుల గురించి.

మర్నాడు పనికి వస్తుంటే దారిలో ఒక మేకల మంద అడ్డం వచ్చింది. ప్రతి మేకకూ అవే చెవులు. కొనలు తెగి, మానిపోయి, వెంట్రుక మొలిచిన చెవులు. నేను ఒక మేకను మెడ పట్టుకుని గోదాములోకి ఈడ్చుకుపోయాను. మేకలవాడు వెనక పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మణ్ణీ! పట్టపగలు మేకని ఎత్తకపోతావా? సూస్తే సదువుకున్న దాని మాదిరి ఉండావు!"

మా అధికారి మేక చెవినీ బల్ల మీది దుప్పి చెవినీ మార్చి మార్చి చూశారు. కుర్చీలో కూలబడ్డారు. "ఈ మేక కూడా కొత్త ఉపజాతే అంటావా?" అన్నారు. తాత నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళాడు. మంద ఎవరిదో గుర్తు తెలియడానికి చిన్నప్పుడే చెవి కోస్తామని మేకలవాడు చెప్పాడు. అడవి దుప్పికి ఆ గుర్తు ఎవరు పెడతారో మాత్రం తనకు తెలియదన్నాడు.

నేను లేకపోతే ఆయన పరువు దేశమంతా పోయేదని ఆయనే పదిమందికి చెప్పారు. అది నా తలకెక్కింది. అప్పటి నుంచి కొలతల విషయంలో నా మాటకు ఎదురు లేకుండా పోయింది. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1943 జనవరిలో మా అధికారి, రేంజరు, నేను ఆ కొండకు వెళ్ళాం. పెట్రోలు దొరక్క బస్సులు అప్పుడు బొగ్గుతో నడిచేవి. వెనక ఒక పెద్ద పొయ్యి, దాన్ని రగిలించడానికి కండక్టరు చేత్తో చక్రం తిప్పేవాడు. ఎత్తు వచ్చిన చోటల్లా మేం దిగి నడిచాం. చివరి ఆమడ బండి మీద. కొండ కింద ఇరవై ముప్పై ఇళ్ళ పల్లె. అందరూ మేకలు, గొర్రెలు కాచుకునేవాళ్ళు, వానలు పడితే కొర్రలో సజ్జలో చల్లుకునేవాళ్ళు.

చెవులు ఎవరు కోస్తారని రేంజరు అడిగితే, పల్లెవాళ్ళు ఒకామెను చూపించారు. నలభై ఏళ్ళుంటాయి. నల్లగా, పొడుగ్గా, నోట్లో ఆకూవక్కా. ఆమె మమ్మల్ని చూసి భయపడలేదు. పక్కనే ఆమె అన్న, తలపాగా చుట్టుకుని తాడు పేనుతున్నాడు.

"కోస్తాం" అంది. "బిడ్డకి సెవులు కుట్టమా? అట్లనే."

తమాషాగా అంటోందేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున మమ్మల్ని కొండ మీదికి తీసుకుపోయి చూపించారు. దుప్పి ఈనిన కొత్తలో పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళుతుంది. పిల్ల కదలదు. మేకలు కాసేవాళ్ళు అటువంటి చోట్లు కనిపెట్టి ఉంచుతారు. అన్న, మనిషి వాసన అంటకుండా రెండు చేతులకూ మేకపెంటికలు నలిపి పూసుకున్నాడు. గడ్డిలో కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు, చెవులు కుట్టించేటప్పుడు మేనమామ తీసుకున్నట్టే. ఆమె చిన్న కత్తితో రెండు చెవుల కొనలూ కోసి, పసుపూ బూడిదా అద్దింది. పిల్ల ఒక్కసారి అరిచింది. దాన్ని మళ్ళీ గడ్డిలో పెట్టి అందరూ వెనక్కి వచ్చేశారు. తల్లి వచ్చి నాకుకుంటూ తీసుకుపోవడం దూరం నుంచి చూశాం.

"ఈ కొండ మింద నాకెంతమంది మేనగోడండ్లో నాకే తెలీదు" అన్నాడు అన్న. "ఒక్కతీ కాళ్ళకి నీళ్ళియ్యదు."

సంగతి ఇదీ. 1876లో వచ్చిన ధాత కరువులో ఆ పల్లెవాళ్ళ తాతలు కొండ మీది దుప్పుల్ని దాదాపు అన్నిటినీ తినేశారు. దుప్పులు లేకపోయేసరికి చిరుతలు మందల మీద పడ్డాయి. ఆ తర్వాత బుద్ధి వచ్చి ఈ కట్టుబాటు చేసుకున్నారు. చెవి కోసిన దుప్పి ఇంటి బిడ్డ. దాన్ని చుట్టుపక్కల ఏ పల్లెవాడూ ముట్టడు, పైవాడు తుపాకితో వస్తే కర్రలతో తరుముతారు. చెవి కోయనిది దొరికితే మాత్రం అది వట్టి అడవి జంతువు, నిక్షేపంగా కూర వండుకుంటారు. ఏటా దొరికిన పిల్లకల్లా చెవులు కోస్తూ రావడంతో ఆ కొండ మీద చెవి కోయనివి దాదాపు లేవు.

నేను మూడు ఉదయాలు ఒక బండ మీద కూర్చుని లెక్కపెట్టాను. ఒకే పూట కనబడిన వాటిలో ఎక్కువ సంఖ్య నలభై ఒకటి. చుట్టుపక్కల కొండల్లో విచారిస్తే ఆ రంగు దుప్పి ఇంకెక్కడా లేదన్నారు. మా అధికారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇవి పోతే ప్రపంచంలోనే పోయినట్టమ్మా" అన్నారు. ఆ మాట నిజమని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

చిరుత వదిలేసిన ఎముకల్లో మరో మూడు పుర్రెలు దొరికాయి. మొదటి మూడు కొలతలు తోళ్ళ మీద సరిపోయాయి. నా పట్టికలో నాలుగో గడి మాత్రం ఖాళీ. కోసిన చెవిని కొలిచి ఏం లాభం? ఆ పల్లెలో చెవులు పూర్తిగా ఉన్న దుప్పి తోలు ఒక్కటి లేదు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఆడవాళ్ళు నన్ను "కొలతలమ్మ" అన్నారు. టేపు పట్టుకుని తిరిగే నన్ను చూసి ఒకామె, "ఈయమ్మ మొగుణ్ణి గూడా కొలిసి సేసుకుంటాది. ఒక అంగుళం తక్కవైతే పెండ్లి పీటల మీదనించి లేసిపోతాది" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళి చేసుకోలేదు గాని, కొలత కుదరక కాదు.

చిత్తూరుకు తిరిగి వచ్చాక ఉత్తర్వు కోసం రాతకోతలు మొదలయ్యాయి. కొండ మీద రెండేళ్ళ పాటు వేట నిషేధం. ఆ రెండేళ్ళలో ఇది వేరే ఉపజాతి అని అచ్చులో రుజువు చూపిస్తే నిషేధం కొనసాగుతుంది, లేకపోతే ముగుస్తుంది. ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. వేటాడరాదు, వలలు వేయరాదు, ఉచ్చులు పెట్టరాదు అని రాశాను. ఆ కింద, ఎవరూ అడగకుండానే, ఇంకో వాక్యం చేర్చాను: దుప్పి పిల్లలను పట్టరాదు, వాటి చెవులు కోయరాదు.

మా అధికారి ఆ వాక్యం దగ్గర ఆగి, "ఇది అవసరమా?" అన్నారు.

"క్రూరం కదండీ" అన్నాను.

క్రూరమే. కాని నేను రాసింది అందుకు కాదు. రెండేళ్ళలో చెవులు పూర్తిగా ఉన్న దుప్పులు ఎదుగుతాయి, చిరుత ఎలాగూ కొన్నిటిని చంపుతుంది, నా గడి నిండుతుంది. అంతే. మేకను ఈడ్చుకొచ్చి తన పరువు కాపాడిన అమ్మాయి మాటను ఆయన కాదనలేదు.

ఉత్తర్వు వచ్చాక పల్లెలో తప్పెట కొట్టించి చదివి వినిపించడానికి రేంజరుతో పాటు నేనూ వెళ్ళాను. ఏప్రిల్ నెల. అందరూ నిలబడి విన్నారు. ఆమె ముందుకు వచ్చింది.

"ఏటాడొద్దు అంటిరి, సరే. మేము ఏటాడితిమి గనకనా? సెవులు కొయ్యొద్దంటే ఎట్లమ్మా?"

"దానికి నొప్పి కదక్కా."

"నీ సెవులు కుట్టినప్పుడు నువ్వు ఏడవలేదా? మీయమ్మ పైన ఫిర్యాదు సేసినావా?"

జనం నవ్వారు. నాకు కోపం వచ్చింది. పదిమందిలో నవ్వులపాలవడం నాకు అలవాటు తప్పిపోయింది.

"సెవి కొయ్యకుంటే అది మాది ఎట్లయితాది?" అంది మళ్ళీ.

"అది మీది కాదు" అన్నాను. "సర్కారుది."

"సర్కారు ఈడనే ఉంటాదా, కొండ కాడ?"

"ఉత్తర్వు ఉంటుంది."

ఆమె రేంజరు చేతిలోని కాగితం వైపు చూసింది. నా వైపు చూసింది. ఆమె అన్న, "పోనీలేమ్మే, దొరలు సెప్తా ఉండారు" అని ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. నేను గెలిచానని అనుకున్నాను. వెళ్ళబోతూ ఆమెతో కొంచెం మంచిగా మాట్లాడాలనిపించి, "చచ్చిన దుప్పి ఏదైనా దొరికితే చెవులు పాడు కాకుండా తీసి పెట్టక్కా. నాకు చెవులే కావాలి. కోయనివి" అన్నాను.

"అట్లనే" అంది.

ఆ తర్వాత ఆ పల్లెవాళ్ళు చెవులు కోయలేదు. ఉత్తర్వులోని ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించినవాళ్ళు వాళ్ళొక్కరే.

1944 మధ్యలో మా అధికారి వర్ణన పూర్తి చేశారు. "ఐదు పుర్రెలున్నాయి, తోళ్ళున్నాయి. ఇది చాలమ్మా, పంపేద్దాం. గడువులోపు అచ్చు కావాలి" అన్నారు.

"చెవి గడి ఖాళీగా ఉంది కదండీ."

"చెవులు కోసి ఉన్నాయని కింద రాద్దాం."

"చదివినవాళ్ళు నవ్వుతారు. మేకల మందను చూసి రాశారంటారు." ఆ మేక మాట వింటే ఆయన వెనక్కి తగ్గుతారని నాకు తెలుసు. అందుకే వాడాను. "మూడు జతలు దొరకనీయండి. నిండుగా పంపుదాం."

తాత మూల కూర్చుని ఒక నక్క తోలుకు ఉప్పు పట్టిస్తున్నాడు. "బిడ్డా, ఒక గడి ఖాళీగా ఉంటే ఆకాశం ఊడి పడతాదా?" అన్నాడు. మా అధికారి కాగితాల్ని నా బల్ల మీద పెట్టి, "నీ ఇష్టం" అన్నారు. ఇరవై ఆరేళ్ళ మనిషికి యాభై దాటిన అధికారి నీ ఇష్టం అంటే ఎంత గర్వంగా ఉంటుందో నేను మీకు చెప్పనక్కర్లేదు.

నేను ఎదురు చూశాను. రేంజరుకు బదిలీ అయింది. కొత్తాయన ఆ కొండకు వెళ్ళినట్టు లేదు. 1945 ఏప్రిల్లో గడువు తీరింది. పొడిగించమని రాశాను. అచ్చులో రుజువేదీ అని అడిగారు. ఆగస్టులో యుద్ధం ముగిసింది, ఆ ఏడాది చివర మా పెట్టెలు మద్రాసుకు తిరిగి వెళ్ళాయి, మా అధికారి పదవీ విరమణ చేశారు. ఆయన పేరుతో ఏ ఉపజాతీ లేదు. ఆ వర్ణన ఎప్పటికీ అచ్చు కాలేదు. వెళ్ళేనాడు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కోటు మడిచి చేతి మీద వేసుకుని, "చెవులు దొరికితే నాకు ఒక కార్డు రాయి" అన్నారు. కోటు లేకుండా ఆయన్ను చూడడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక మాట. మీలో కొందరు, చెవులు కోయడం ఆపమనడం తప్పెలా అవుతుంది, ఆనాటి శాస్త్రం ప్రకారం సరైనదే కదా అని నన్ను ఓదార్చబోతారు. ఇంతకు ముందు ఇది విన్న ఒకరిద్దరు అలాగే అన్నారు. దయచేసి అనకండి. ఖాళీ గడి కింద "చెవులు కోసి ఉన్నాయి" అని రాయడం కూడా శాస్త్రమే. నాకు కావలసింది శాస్త్రం కాదు, నిండిన పట్టిక.

1946 మార్చిలో సెలవు పెట్టి ఒంటరిగా ఆ పల్లెకు వెళ్ళాను. కొండ సగం బోడిగా ఉంది. బస్సుల బొగ్గు కోసం కాంట్రాక్టరు మనుషులు చెట్లు కొట్టి, అక్కడే గుంటల్లో కాల్చారు. ఆ నల్లని గుంటలు దారి పొడుగునా ఉన్నాయి. పల్లెలో మేకల దొడ్లు చాలావరకు ఖాళీ. ఉన్న వాటి చుట్టూ ముళ్ళకంపలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. దుప్పులు లేవు గనక చిరుతలు దిగి వస్తున్నాయని ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె గుమ్మంలోనే ఉంది. చిక్కిపోయింది. నన్ను గుర్తు పట్టి, "కొలతలమ్మా! ఇంగా పెండ్లి కాలేదా? అంగుళాలు సాల్లేదా?" అని నవ్వింది. అన్న లోపలి నుంచి వచ్చి ఈతచాప వేశాడు. సజ్జ సంకటి ముద్ద ఒకటి, చింతాకు పులుసు పెట్టారు. వాళ్ళకు ఉన్నదెంతో తెలిసి కూడా తిన్నాను, తినకపోతే అవమానించినట్టవుతుంది.

"దుప్పులు ఏవక్కా?" అన్నాను.

అన్న చెప్పాడు.

"బొగ్గోళ్ళు తుపాకి తెచ్చినారమ్మా. ముందైతే కట్టెలెత్తుకోని పోయేటోళ్ళం, మా బిడ్డలు రా అని. మొదటి దినం పోయినాం గూడా. ఆ మేస్త్రీ అడిగినాడు, ఇవి మీవా? అని. ఏం సెప్పేది? మావి కాదని తప్పెట కొట్టి సెప్పినారు గదా. వచ్చేసినాం."

"ఉత్తర్వు ఉండింది కదా అప్పుడు?"

"ఉండింది. వాళ్ళకి సదువు రాదంట."

చెవులు కోసిన పాతవి అలా పోయాయి. రెండు చలికాలాల్లో పుట్టి, చెవులు కోయకుండా పెరిగినవి లోయలో కొన్ని మిగిలాయి. వాటి సంగతి అడిగాను. అన్న తల వంచుకున్నాడు. ఆమె వంచుకోలేదు.

"తిన్నాం" అంది. "వానలు లేవు. రేషన్ జొన్నల్లో పురుగులే ఎక్కవ. పిల్లకాయలు సంకటి కుండ గీరతా కూసున్నారు. వాటికి మేనమామ లేడు, అమ్మ లేదు, సెవులు నిండుగా ఉండాయి. ఉచ్చులు పెట్టి పట్టుకోని తిన్నాం. నీకు అబద్ధం యాల సెప్పేది?"

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యి పైన దూలానికి వేలాడుతున్న నారతాడు ఒకటి విప్పి తెచ్చి నా ముందు చాప మీద పరిచింది. దానికి గుచ్చి ఉన్నవి చెవులు. పొగకు నల్లబడి, ఎండి, ఆకుల్లా ముడుచుకున్న దుప్పి చెవులు. జతకు జత విడిగా ముడి వేసి ఉంది. కొనలు చెక్కు చెదరలేదు.

"నువ్వు అడిగింటివి గదా, పాడు కాకుండా పెట్టమని" అంది. "పెట్టినా. ప్రతి దానివీ పెట్టినా."

పదకొండు జతలు.

అక్కడి నుంచి లేచి వచ్చేయవలసింది. కాళ్ళ మీద పడవలసింది. రెండూ చేయలేదు. ఎండిన చెవి కుంచించుకుపోతుంది, నానబెడితే గాని కొలత నిలవదు అన్నది నాకు తెలుసు. ఆ తెలిసిన సంగతే నా నోటికి వచ్చింది. "కొంచెం నీళ్ళిస్తావా అక్కా, వెడల్పు గిన్నెలో?" అన్నాను. దూరం నుంచి తెచ్చుకున్న నీళ్ళు. ఆమె కుండలోవి వంచి ఇచ్చింది.

అవి నానేదాకా కూర్చున్నాం. వీధిలో పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను సంచిలోంచి టేపు తీశాను. ఒక్కో చెవినీ చాప మీద పరిచి, లోపలి గంటు నుంచి కొన దాకా కొలిచి రాసుకున్నాను. కుడిది, ఎడమది. మగదో ఆడదో ముడిని బట్టి ఆమె చెప్పింది. జతలన్నీ అయ్యేదాకా నా చెయ్యి వణకలేదు. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఆ చెయ్యే. నాకు మంచి పేరు తెచ్చిన ఉద్యోగమంతా ఆ చేత్తోనే చేశాను.

ఆమె పక్కనే గొంతుక్కూర్చుని, నేను రాస్తున్నది చూస్తూ ఉంది.

"సాలినాయా అమ్మా?" అంది.

పట్టిక చూసుకున్నాను. మగవాటివి ఎనిమిది జతలు, ఆడవాటివి మూడే. తీసిన సగటు ఆడవాటికి నిలబడదు. అదే చెప్పాను. దేవుడి సాక్షిగా అదే చెప్పాను.

"ఆడదానివి ఇంకో జత ఉంటే బాగుండేదక్కా."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా చూసిందని రాస్తే నాకు సులువుగా ఉండేది. తెలివి తక్కువ బిడ్డను చూసినట్టు చూసింది.

"ఇంకో ఆడది బతికుంటే నీకెందుకిస్తానమ్మా?" అంది. "సెవులు కోసి కొండకి తోలుకోనా?"